చాప పరిచే మనిషి

తొమ్మిదో తరగతి బి సెక్షన్, ఆఖరి పీరియడ్.
బయట వశిష్ఠ మీదికి మబ్బు దిగుతోంది.
హార్లిక్స్ సీసాలో చీటీలు వేసి ఊపాను.
ఎవరికి ఏది వస్తే అదే,
మార్చుకోడాల్లేవు అన్నాను.

సుద్దముక్కతో నేల మీద ఒక గీత.
ఇటు మాచర్ల, అటు గురజాల.
అన్నదమ్ముల ఇంట్లో అడ్డుగోడ లేచినట్టు
బెంచీలు రెండు వైపులకీ జరిగాయి.
కిరీటాలు కొబ్బరాకువి, కత్తులు ఈనెలు.
రాజు చీటీ వచ్చిన ధనకుమారి
చున్నీ భుజాన వేసుకుందో లేదో
పొద్దున్న జామెట్రీ బాక్సు అరువిచ్చిన పిల్లని
"నువ్వెవరు?" అంది.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కోళ్ళంటే డస్టరూ, నీళ్ళ బాటిలూ.
లోవరాజు ఒప్పుకోలేదు.
వాళ్ళ చిన్నాన్న బాదంపప్పు పెట్టి పుంజుల్ని సాకుతాడు.
"రంగు చెప్పకుండా పందెం ఏంటండి?
డేగా? కాకా? నెమలా?
వారం చూడొద్దాండి?"
సరే, డస్టరు డేగ అయింది, బాటిలు కాకి.
డేగ ఓడింది.
ఏడేళ్ళు ఊరొదిలి పొమ్మంటే
ఆ బెంచీల వాళ్ళు నిజంగానే సంచులు సర్దుకుని
వరండాలోకి నడిచారు.
ఎవరో మోసమన్నారు.
ఎవరో ఇంకెవరి తాతనో అన్నారు.
కాలర్లు చేతికి చిక్కాయి. బొత్తాం ఒకటి
నా కాళ్ళ దగ్గరికి దొర్లింది.
ఈల వేశాను.

"చెప్పండి, యుద్ధానికి కారణం?"
"కోడండీ!" నలభై గొంతులు.
ఐదు మార్కుల ప్రశ్నకి ఒక్క ముక్క జవాబు.
లోవరాజు మాత్రం డస్టరుని తిరగేసి చూస్తూ
"దానికీ దీనికీ ఏం తగువుందండి?
కాలికి కత్తి కట్టిందెవరో అడగాలండి" అన్నాడు.

నోట్సులో అది లేదు.
నోట్సులో ఉన్నవి: దాయాదుల వాటాలు,
సింహాసనం, శైవం, వైష్ణవం, చాపకూడు.
చాపకూడు మొదటి రంగం.
టైము చాలదని నేనే దాటేశాను.
టైము చాలదనే, అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎస్తేరు లేచి నిలబడింది.
చీటీ ఇంకా గుప్పెట్లోనే, చెమటకి సిరా కరిగింది.
"నా వేషం రాలేదండి."
చాప పరిచే మనిషి.
మాటల్లేని వేషం.

అంగన్‌వాడీలో అరువు తెచ్చిన తుంగచాప
సరిగ్గా నా సుద్దగీత మీద పరిచింది.
"రండి, ఇక్కడ కులం లేదు, అందరికీ ఒకటే కూడు"
అన్నాను, పాఠం అప్పజెప్పినంత తేలిగ్గా.

కూర్చున్నారు. కొందరు గెంతి మరీ కూర్చున్నారు.
ఒకడికి మోకాలు నొప్పి.
ఒకమ్మాయికి యూనిఫాం నలుగుతుందట.
కిరీటం తియ్యని ధనకుమారి
కిటికీలోంచి రేవు వైపు చూస్తోంది,
పంటు వచ్చిందేమోనని.
ఇది నేను రాయలేదు.
ఏ చీటీ మీదా లేదు.

ఆ వేసవి గుర్తొచ్చింది.
ఫోన్లు మూగబోయిన రోజులు,
టౌన్లో కాలినవాటి వాసన
కొబ్బరితోటల దాకా వచ్చిందని
గుమ్మాల్లో నిలబడి చెప్పుకున్న రోజులు.
ఎవరు మొదలెట్టారంటే
వాళ్ళంటే వాళ్ళన్నాం.
కారణాలు రాయమని మమ్మల్నెవరూ అడగలేదు.

స్టాఫ్ రూములో నా క్యారియరు,
మూడు గిన్నెలది,
ఏడేళ్ళుగా బడి అన్నం ఒక్క మెతుకు ఎరగనిది.

గంట కొట్టారు. లంక పిల్లలు రేవుకి పరుగు.
బోర్డు మీద "కారణాలు" అని రాసి
కింద గీత గీసి, ఒకటి వేసి, చుక్క పెట్టి
ఆగిపోయాను.
వెనక ఎస్తేరు చాప చుడుతోంది.
సగం మీద ఇసుక, ముడతలు, ఎవరిదో విరిగిన ఈనె.
సగం తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"మేడమండీ, కాస్త జరుగుతారా?" అంది.

అప్పుడు చూసుకున్నాను.
చాప అంచు మీద ఉన్నాను,
నిలబడే,
చెప్పులతో.